మొదటి అడ్మిన్

విశాఖలోని ఆ సంస్థలో రాత్రి షిఫ్టు వాళ్ల కళ్లు ఎర్రబడని రోజు లేదు. సర్వర్లను కనిపెట్టే భద్రతా నిఘా వ్యవస్థ వాజూ పంపే హెచ్చరికలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడేవి. ఒక్కో ఐపీ అడ్రసు మంచిదో చెడ్డదో చేత్తో వెతుక్కోవాలి. ఆ గుట్టలో అసలు దాడి ఎక్కడుందో తెల్లారినా తేలేది కాదు. అందుకే షఫుల్ పెట్టుకుందామన్నారు. హెచ్చరిక రాగానే ఆ అడ్రసు గురించి తనే ఆరా తీసి, టికెట్ రాసి, మనం చెబితే అడ్డుకునే ఓపెన్‌సోర్స్ వ్యవస్థ అది. మనుషుల నిద్ర కాపాడే పనికి ఎంత కష్టపడినా తక్కువే.

పని కొత్తగా చేరిన కుర్రాడికి అప్పగించారు. అద్దె సర్వర్‌లో ఉబుంటు ఎక్కించి, వాజూ ఏజెంటు పెట్టి, స్వాప్ ఆపేశాడు. షఫుల్ డేటాబేస్ అయిన ఓపెన్‌సెర్చ్ కోసం మ్యాప్ కౌంట్ విలువను 262144 చేశాడు. ఆ డేటాబేస్ ఫోల్డరు హక్కులు 1000వ నంబరు యూజరుకు ఇచ్చాడు. ఈ చివరి రెండిట్లో ఏది మరిచినా ఓపెన్‌సెర్చ్ లేచినట్టే లేచి పడిపోతుంది; చాలామంది చిక్కుకునేది ఇక్కడే. అతను చిక్కుకోలేదు. డాకర్ కంపోజ్ కొట్టగానే కంటైనర్లన్నీ నడిచాయి.

"ఫైర్‌వాల్ సంగతేంటి బాబూ?" అడిగారు మేనేజర్ మేడమ్.

"యూఎఫ్‌డబ్ల్యూలో ఎస్‌ఎస్‌హెచ్ కోసం 22వ పోర్టు ఒక్కటే వదిలి అన్నీ మూసేశాను మేడమ్. షఫుల్ పేజీ ఉండే 3001కి మనం ఎస్‌ఎస్‌హెచ్ టనెల్‌లోంచే వెళ్లాలి." స్టేటస్ కూడా చూపించాడు.

షఫుల్‌కు ముందే పెట్టిన పాస్‌వర్డంటూ ఉండదు. మొదట పేజీ తెరిచినవారే అడ్మిన్ ఖాతా సృష్టించుకోవాలి. మంచి పనికి పెద్దవారి చెయ్యి పడాలని, ఆ ఖాతా మర్నాడు ఎండీ గారితో చేయిద్దామన్నారు మేడమ్.

పొద్దున ల్యాప్‌టాప్‌కు కుంకుమబొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఎండీ గారు కూర్చుని పేజీ తెరిచారు.

"పాస్‌వర్డ్ అడుగుతోందేంటయ్యా? కొత్త ఖాతా అన్నావుగా?"

కుర్రాడి మొహం పాలిపోయింది. గబగబా లాగ్‌లు తెరిచాడు. డాకర్ బయటికి తెరిచే పోర్టును యూఎఫ్‌డబ్ల్యూ ఆపదు. ఐపీటేబుల్స్‌లో డాకర్ తన దారి తనే వేసుకుంటుంది. కంపోజ్ ఫైల్లో 3001కి ముందు 127.0.0.1 రాయకపోవడంతో ఆ తలుపు రాత్రంతా లోకానికి బార్లా తెరిచే ఉంది.

మొదటి అడ్మిన్ ఖాతా తెల్లవారుజామున 2:40కి తయారైంది. ఆ ఖాతా తెరిచిన అడ్రసు నుంచే ఎవరో 22వ పోర్టులో పాస్‌వర్డులు ప్రయత్నిస్తున్నారని వాజూ ఒంటిగంటకే హెచ్చరించింది. ఆ హెచ్చరికను ఇంకా ఎవరూ తెరవలేదు.