సెట్టయితాదిలేన్నా!

కర్ణాటకలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న సిరుగుప్ప చుట్టుపక్కల ఇంజన్లకు వచ్చే రోగం ఒక్కటే: ఇంకా సెట్టు కాలేదు. దానికి మందూ ఒక్కటే: నడిపిస్తా ఉండు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి తెప్పించి, హెడ్డును బళ్ళారికో ఆదోనికో పంపి లేత్ మీద పని చేయించి, బిగించి, టెంకాయ కొట్టి, ముందర నిమ్మకాయ కట్టి సెల్ఫు కొడతారు. ట్రాక్టరు లేస్తుంది. లేచి దడదడ వణుకుతుంది. మధ్యమధ్యలో ఒక దెబ్బ మింగేస్తుంది. "మిస్సింగు కొడతాంది గదా మేస్త్రీ" అంటాడు రైతు. మేస్త్రీ చెవి అటు తిప్పడు. "కొత్త ఇంజనన్నా, బిర్రుగుంటాది. యాభై గంటలు నడిస్తే అదే సెట్టయితాది."

ఈ మాటలో కొంత నిజం ఉంది, అదే దీంతో వచ్చిన చిక్కు. లైనరు లోపలి గోడ మీద హోనింగు చేసిన సన్నటి అడ్డగీతలుంటాయి. కొత్త రింగులు మొదటి గంటల్లో ఆ గీతల కొనల మీద రుద్దుకుంటూ గోడకు ఒదుగుతాయి. అందాకా కాస్త నీలిపొగ వస్తుంది, ఆయిలు కాస్త తాగుతుంది. తప్పులేదు. అయితే రింగుకున్న ఈ ఒక్క సుగుణాన్ని మన మేస్త్రీలు ఇంజను మొత్తానికి ధర్మంగా పంచిపెట్టారు. టైమింగు గేరు ఒక పన్ను తప్పి కూర్చుంటే, నడవగా నడవగా పశ్చాత్తాపం కలిగి అదే వెనక్కి జరుగుతుందట. నాజిలు కింద పాత రాగి వాషరు ఉండగానే కొత్తది వేస్తే, రెండింట్లో ఒకటి సిగ్గుపడి కరిగిపోతుందట.

పోనీ ఆ రింగులనైనా సెట్టు కానిస్తారా? "రాత్రంతా ఐడిల్లో పెట్టి వదిలేయన్నా, పొద్దున్నకు మెత్తగైతాది" అని సలహా. షాపు ముందర తెల్లవార్లూ ఊరికే దగ్గుతూ నిలబడిన ట్రాక్టర్లను మనమంతా చూసినవాళ్ళమే. రింగును గోడకేసి నొక్కేది దాని వెనక చేరే గ్యాసు ఒత్తిడి. ఆ ఒత్తిడి లోడు మీద నడిస్తేనే వస్తుంది. ఊరికే తిప్పితే రింగు సరిగా ఆనదు, ఆయిలు మాడి గోడ మీద గాజుపూతలా నున్నగా పేరుకుంటుంది. ఇక యాభై గంటలు కాదు, ఐదు వందల గంటలు నడిపినా ఆ రింగు ఒదగదు. సెట్టు కావలసిన ఒక్క వస్తువునూ సెట్టు కాకుండా చేసే పద్ధతికే 'సెట్టింగు' అని పేరు!

నాలుగు రోజులైనా వణుకు తగ్గకపోతే అప్పుడు విచారణ మొదలవుతుంది. ముద్దాయిలు చాలామంది. మొదటివాడు డ్రైవరు. రెండోది బ్యాటరీ. మూడోది నిమ్మకాయ ఆపలేకపోయిన దిష్టి. "ఆంధ్రా డీజిలు గానీ పోయిస్తివా?" అని ఇంకో ప్రశ్న. సరిహద్దుకు అవతలివాళ్ళే లీటరుకు నాలుగు డబ్బులు కలిసొస్తాయని ఇవతలికొచ్చి ట్యాంకు నింపుకుపోతుంటే, సిరుగుప్ప రైతు ఎక్కువ ధర పెట్టి ఆదోనిలో ఎందుకు పోయించుకుంటాడో ఎవరూ అడగరు. 1953లో బళ్ళారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఇచ్చి, సిరుగుప్పను ఇటు ఉంచింది ఇంజను తప్పులు అవతలి రాష్ట్రం మీదికి తోయడానికేనేమో.

ఈ ముద్దాయిల జాబితాలో లేనిదల్లా ఒక్కటే: మేస్త్రీ చెయ్యి పడిన చోటు. విప్పకముందు పొగ కక్కినా, ఆయిలు తాగినా, ఇంజను మిస్సింగు కొట్టలేదు. విప్పి బిగించాక కొడుతోంది. ఆపరేషన్ చేసిన మర్నాడు కడుపునొప్పి వస్తే డాక్టరు పక్కింటివాళ్ళ వంటను అనుమానించినట్టుంది వ్యవహారం. పైగా ఇక్కడ పరీక్ష అంటే కొనడమే. నాజిళ్ళు మార్చు. తగ్గలేదా, పంపు ఊడదీసి కాలిబ్రేషనుకు బళ్ళారి పంపు. ఇంకా తగ్గలేదా, 'మాలు డూప్లికేటు' అని కంపెనీని తిట్టు. అక్కడ మడిలో నారు ముదురుతుంటుంది.

డీజిల్ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్‌కు ఈ ఓదార్పు చెప్పేవాళ్ళు లేకపోయారు పాపం. 1893లో ఆగ్స్‌బర్గ్‌లో ఆయన మొదటి ఇంజను తన కాళ్ళ మీద తాను నడవలేదు. మారుస్తూ, కొలుస్తూ, మళ్ళీ కడుతూ నాలుగేళ్ళు పోగొట్టుకున్నాడు. 1897లో ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి కొలిస్తే సామర్థ్యం 26.2 శాతం తేలింది. సిరుగుప్ప మేస్త్రీ ఒక్కడు పక్కనుంటే ఈ శ్రమంతా తప్పేది.

అంత దూరమెందుకు, మన తుంగభద్రే ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. కింద కాలువల మీద బతికే ఊళ్ళన్నీ గుండెలు చేత పట్టుకున్నాయి. మన తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడు వచ్చి, పారే నీటిలోనే స్టాప్‌లాగులనే అడ్డుపలకలు ఒకదాని మీద ఒకటి దింపించి, వారం తిరిగేలోపు నీళ్ళు నిలబెట్టించారు. అదే మన మేస్త్రీని పిలిచి ఉంటే తేలిగ్గా తేల్చేసేవాడు: "తక్కిన 32 బాగుండాయి గదన్నా. నీళ్ళన్నీ పోయినాక లీకేజీ అదే ఆగుతాది."

నిజానికి మిస్సింగు ఎక్కడుందో చెప్పించడానికి కావలసింది సాధారణంగా పదిహేడు నంబరు పానా ఒకటి. ఇంజను ఐడిల్లో ఉండగా నాజిలు పైపు నట్టును, చెయ్యి అడ్డం పెట్టకుండా, కాస్త వదులు చేయాలి. (పాత పంపు ఇంజన్ల మాట ఇది. కొత్త కామన్ రైలు బండ్లకు ఈ పని చేస్తే డీజిలు చర్మంలోకి దిగిపోతుంది.) ఒకటో సిలిండరు వదులు చేస్తే శబ్దం ఇంకా కుంటుతుంది, అంటే అది పని చేస్తోంది. బిగించి రెండోది చూడాలి. అదీ అంతే. మూడోది వదులు చేస్తే ఏ తేడా లేదు. దొంగ దొరికాడు. డీజిలు దిష్టి తగిలిందైతే మూడింటికీ తగిలేది కదా.

ఇక ఆ సిలిండరు టాపెట్ కవరు విప్పితే కథ తెలుస్తుంది. కొత్త గాస్కెట్టు మొదటిసారి వేడెక్కి అణుగుతుంది. చాలా ఇంజన్లకు అప్పుడు హెడ్డు బోల్టులు మళ్ళీ వరుసలో బిగించాలి. గాస్కెట్టు అణిగినా, బోల్టులు బిగించినా హెడ్డు కిందికి దిగుతుంది, టాపెట్ల సందు తగ్గుతుంది. ఆ సందు ఉండవలసిందే నాలుగైదు వెంట్రుకల మందం. ఫీలర్ గేజితో మళ్ళీ సరిచేయకపోతే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషను జారిపోతుంది, మిస్సింగు మొదలవుతుంది. అలాగే నడిపిస్తే వాల్వు అంచు కాలిపోతుంది. నడిచేకొద్దీ సెట్టయ్యే రోగం కాదిది, నడిచేకొద్దీ ముదిరేది.

రెండోసారి వచ్చి బిగించే ఆ పని ఎందుకు జరగదంటే, అది లెక్కలో ఉండదు. స్పేర్లకు నోరెత్తకుండా డబ్బు కట్టే రైతు కూలి దగ్గరికొచ్చేసరికి గంటసేపు బేరమాడతాడు. మేస్త్రీ ఐదు వందలు తగ్గిస్తాడు, ఐదు వందల పనీ తగ్గిస్తాడు. నాట్ల కాలం, బాడుగలు పోతుంటాయి. వణుకుతున్న బండినే మడిలోకి దింపుతారు.

చివరికి ఏదో ఒకరోజు ఎవరూ చూడని వేళ మేస్త్రీ కవరు విప్పుతాడు, బోల్టులు బిగిస్తాడు, గేజి పెట్టి సందు చూసుకుంటాడు. అరగంట పని. సెల్ఫు కొడితే ఇంజను నున్నగా తిరుగుతుంది. చేతులు కాటన్ వేస్టుకు తుడుచుకుంటూ రైతు వైపు తిరుగుతాడు.

"చూస్తివా అన్నా, నేను చెప్పలా? సెట్టయిపాయ."