మైపాడులో మంచు పడితే

కారవాన్ కొన్నవాళ్లకీ, పాత టెంపోని కారవాన్‌గా కట్టించుకుంటున్నవాళ్లకీ ఇప్పుడు ఒకటే ఉపదేశం: ఆసిడ్ బ్యాటరీ పీకెయ్, లిథియం పెట్టు. పెట్టుకోండి, కాదన్నదెవరు? 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ దాదాపు 30 కిలోలు తూగితే, అదే కొలత లిథియం 12, 13 కిలోలే. సీసాన్ని సగం దాకా వాడి ఆపకపోతే దాని ఆయుష్షు కరిగిపోతుంది. లిథియంలో 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. డిస్టిల్డ్ వాటర్ బెడద లేదు. ఈ నిజాలు చెప్పి అమ్ముకున్నా సరిపోయేది. కానీ అమ్ముతున్నది హీటరు.

అవును, బ్యాటరీ లోపల పెట్టిన హీటరే. మైనస్ 20లోనూ చార్జ్ అవుతుందట, పెట్టె మీద మంచు పువ్వు బొమ్మ కూడా ఉంటుంది. సున్నా డిగ్రీల కింద లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లును చార్జ్ చేస్తే లిథియం గ్రాఫైటులోకి ఇంకకుండా పైన పూతలా పేరుకుని సెల్లును చెడగొడుతుంది. కాబట్టి నార్వేలోనో లడాఖ్‌లోనో ఆ హీటరు ప్రాణదాతే. నెల్లూరు తీరంలో జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. తుమ్మలపెంట ఇసుక మీద సున్నా చూడాలంటే థర్మామీటరును రొయ్యల ఐసు పెట్టెలో పాతిపెట్టాలి.

అయినా హీటరుకు అదనంగా డబ్బు కట్టే మహానుభావులున్నారు. పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలకు స్వెట్టర్లు అల్లించే పథకం ఒకటి మొదలుపెడితే మొదటి చందా వాళ్లదే. ఆ హీటరు ఏ రోజు వెలిగిందో వాళ్లు చెబితే, ఆ రోజు మైపాడులో మంచు పడిందని చరిత్రలో రాసుకుందాం.

నవ్వు ఇక్కడికి చాలు. రోహిణీ కార్తెలో ఎండలో మూసిపెట్టిన బండి లోపల వేడి 60 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. చాలా లిథియం ప్యాకులకు చార్జింగ్ హద్దు 45, 55 డిగ్రీల మధ్యే. సీటు కింద వాటిని బిగించి, పైన సోలార్ పానెళ్లు పెట్టి, ఎండ బాగా కాసినప్పుడు బాగా నిండుతుందని చెబుతున్నారు. అబద్ధం. ఎండ బాగా కాసినప్పుడే లోపలి రక్షణ సర్క్యూట్ చార్జింగ్ ఆపేసే ప్రమాదం ఎక్కువ. పానెళ్ల కోసం బండిని ఎండలో, బ్యాటరీ కోసం నీడలో నిలపాలి, అదీ ఒకే బండిని! పైగా ఇక్కడ రాత్రి నిద్ర పట్టాలంటే ఏసీ ఉండాలి. 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల ప్యాకులో ఉండేది 1.28 యూనిట్లు. టన్ను ఏసీ గంటకు ఒక యూనిట్ లాగితే గంట పైచిలుకు చల్లదనం. కంప్రెసర్ ఆగీ ఆగీ తిరిగినా ఒక రాత్రికి అయిదారు యూనిట్లు కావాలి, అంటే అలాంటి ప్యాకులు అయిదు. పైకప్పు మీద 400 వాట్ల పానెళ్లు మంచి ఎండలో రోజుకు రెండు యూనిట్లు కూడా ఇవ్వడం కష్టమే. మూడు రోజులు బండి ఎండబెడితే ఒక రాత్రి నిద్ర. ఈ లెక్క కొనేవాడికి ఎవరూ చెప్పరు. దీన్ని అజ్ఞానం అనలేం, మోసం అనాలి.

సీసం మాత్రం వేడికి తట్టుకుంటుందా అని అడుగుతారు. తట్టుకోదు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమని దానికీ మోటు లెక్క ఉంది. దారిలో ఇంజను బ్యాటరీని నింపుతుంది కదా అంటారు. లిథియం దొరికినంత కరెంటూ గుంజేస్తుంది, మధ్యలో డీసీ-డీసీ చార్జరు లేకపోతే ఆల్టర్నేటర్ వేడెక్కి మాడిపోవచ్చు. పాతది తీసి కొత్తది పెడితే చాలన్న మాట అక్కడే అబద్ధమైంది. కరకంబాడిలో సీసం బ్యాటరీలతో ఎదిగిన అమర రాజాయే 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది కదా అని ఇంకో వాదన. చేయనివ్వండి, మంచిదే. లిథియంతో పేచీ లేదు. చలిదేశం ప్రకటనను తెచ్చి కోస్తా ఎండలో అతికించడంతోనే పేచీ.

సముద్రం ఒడ్డున బండి ఆపే చోట ఒక మంచి ప్లగ్ పాయింటు, మీద కాస్త నీడ ఉంటే సీసంతోనైనా సుఖంగా నిద్రపోవచ్చు. అప్పటిదాకా, కొనబోయేవాళ్లు పెట్టెను తిప్పి చూడండి. మంచు పువ్వు పక్కన చార్జింగుకు గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంతో రాయకపోతే, అక్కడే దించేసి వచ్చేయండి.