చెవిని మాత్రం అడగకండి

కంప్యూటర్ గేములకు చెవిలో దూర్చుకునే ఐఈఎంలు కొనాలా, చెవులను మొత్తం కప్పేసే పెద్ద హెడ్‌ఫోన్లు కొనాలా అని నిజామాబాద్ పోరగాళ్లు ఈమధ్య తెగ మథనపడుతున్నారు. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న దానికి కూడా వాళ్లు ఇంత ఆలోచించలేదు. ఈ సలహాలు వాళ్ల కోసమే. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే డబ్బు, ఆట, చెవులు మూడూ ఒకేసారి పోతాయి. విడివిడిగా పోగొట్టుకునే శ్రమ తప్పుతుంది.

దుకాణానికి పోయేటప్పుడు చెవులను ఇంట్లో వదిలేసి కళ్లను మాత్రం వెంట తీసుకుపోండి. డబ్బా మీద ‘50 ఎంఎం డ్రైవర్’ అని ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. ఐఈఎంలో ఉండేది 10 మిల్లీమీటర్ల బుడ్డ స్పీకరు. యాభై అంటే పదికి ఐదింతలు. కాబట్టి శత్రువు అడుగుల చప్పుడు ఐదింతలు ముందే వినబడాలి కదా! మన కర్ణభేరే అడ్డంగా 10 మిల్లీమీటర్లు దాటదనీ, చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసేసిన చిన్న స్పీకరు కదపాల్సిన గాలి చెంచాడు కూడా ఉండదనీ, అందుకే దానికి ఆ సైజు చాలనీ ఎవరైనా చెప్పబోతే మాట మార్చండి. ‘20–40,000 హెర్ట్జ్’ అని కూడా రాసి ఉంటే ఇంకో ఐదు వందలు ఎక్కువిచ్చి కొనండి. మనిషికి వినబడేది 20,000 దాకానే, అదీ చిన్నతనంలో. పై సగం మీ టీమ్‌లో గబ్బిలం ఏదైనా ఉంటే దానికి పనికొస్తుంది.

రంగురంగుల లైట్లున్నదే కొనండి. పెట్టుకున్నవాడికి అవి ఎట్లాగూ కనబడవు. లోకంలో నిస్వార్థమైన ఖర్చు ఇదొక్కటే.

ఇక ముహూర్తం. పెద్ద హెడ్‌ఫోన్లు కొనడానికి మే నెలను మించింది లేదు. నిజామాబాద్ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజు చూసుకుని, మధ్యాహ్నం రెండింటికి, తలుపులు వేసి, రెండు చెవులకూ రెక్సిన్ కుషన్లు బిగించి కూర్చోండి. గుడ్డ కుషన్లయితే చెమట పీల్చుకుంటాయి, కొంచెం గాలి ఆడుతుంది. అవి నాజూకు మనుషులకు. రెక్సిన్ అయితే చెమటంతా లోపలే నిలుస్తుంది. ఆ ఉక్కకు, ఆ తడికి ఏడాది రెండేళ్లలో పై పొర నల్లటి పెచ్చులుగా ఊడి చెవుల చుట్టూ అంటుకుంటుంది. ఇంట్లోవాళ్లు వేరే దిష్టిచుక్క పెట్టాల్సిన పని ఉండదు.

ఎండాకాలం అనగానే కూలర్ వస్తుంది. ఈ పట్టణంలో గేమర్లకు అసలు ప్రత్యర్థి కూలరే, అవతలి టీమ్ కాదు. కిటికీకి బిగించిన ఇనప కూలర్ ముందు కూర్చుంటే దాని మోత సుమారు 60 డెసిబెళ్లు ఉంటుంది. శత్రువు అడుగుల చప్పుడు ఆ మోతలో కలిసిపోతుంది. చెవికి సరిపోయిన రబ్బరు టిప్పు పెడితే ఐఈఎం బయటి శబ్దాన్ని 20 డెసిబెళ్ల దాకా ఆపుతుంది. పెద్ద హెడ్‌ఫోన్లు కీచు శబ్దాలను కొంత ఆపినా, కూలర్ లాంటి బొంగురు మోతను ఆపలేవు. అసలు ఐఈఎంలు జనంలోకి వచ్చింది కూడా ఇందుకే. 1995లో జెర్రీ హార్వే అనే సౌండ్ ఇంజనీరు వాన్ హేలెన్ బ్యాండు డ్రమ్మరు కోసం చెవిలో పెట్టుకునే మానిటర్లు తయారుచేశాడు. వేదిక మీది మోతలో వాల్యూమ్ పెంచకుండానే తమ వాద్యం తాము వినాలన్నది దాని వెనక ఆలోచన. ఇదంతా చదివి మీరు ఐఈఎంల వైపు మొగ్గితే నా సలహాలకు విలువేముంది? కూలర్‌ను మోతతోనే గెలవాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాల్యూమ్‌ను వందకు తోయండి. కూలర్ వినబడటం మానేస్తుంది. కొన్నేళ్లకు కూలర్ ఆపేసినా ఏమీ వినబడదు.

ఇక్కడ బోధన్‌వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. అక్కడి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 1937లో మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు. సీజన్ మొదలైతే చెరకు నలిపే రోలర్లు, టర్బైన్లు, చక్కెర విడదీసే సెంట్రిఫ్యూగల్ యంత్రాలు రాత్రీ పగలూ మోగుతూనే ఉండేవి. ఫ్యాక్టరీల నిబంధనల్లో కార్మికుడి చెవికి ఒక హద్దు ఉంది. 8 గంటల షిఫ్టుకు 90 డెసిబెళ్లు. మిల్ హౌజ్‌లో ఉద్యోగం చేసి దిగిపోయిన తాతలను పలకరించి చూడండి. “ఆఁ? ఏమంటున్నవ్ రా? జర గట్టిగ మాట్లాడు” అంటారు. ఆ తాతలకు ఆ మోతకు జీతం ముట్టేది, పండుగకు బోనసూ వచ్చేది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అంటే ఆ 90 డెసిబెళ్ల కోటా అప్పటి నుంచి ఖాళీగా పడి ఉంది. ప్రభుత్వాలు తెరిపిస్తామంటూనే ఉన్నాయి. అందాకా మనవళ్లు ఆగాలా? కరెంటు బిల్లు మనమే కట్టుకుని, జీతం లేకుండా, అదే షిఫ్టు ఇంట్లో చేసుకోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం చాలా పిసినారి. పెద్దవాళ్లకు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు ఇచ్చింది, పిల్లలకు అన్నే గంటలు 75 దగ్గర. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగానికి పడిపోతాయట. 83 దగ్గర 20, 86 దగ్గర 10, 89 దగ్గర 5. వంద దగ్గర వారం మొత్తానికి అరగంట కూడా దక్కదు, ఒక మ్యాచ్ కూడా పూర్తి కాదు. ఈ లెక్కలో ఐఈఎం, హెడ్‌ఫోన్ అన్న తేడా లేదు. చెవిపొర దాకా చేరిన మోత ఎంతన్నదే లెక్క. కాబట్టి ఏది కొన్నా చెడగొట్టుకునే హక్కు మీకు సమానంగా ఉంటుంది.

ఇక చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియడం గురించి. మనిషికి రెండు చెవులు చాలట. ఎడమ పక్కన పుట్టిన చప్పుడు కుడి చెవికి చేరడంలో ఆలస్యం మిల్లీసెకనులో మూడింట రెండు వంతులు మించదు. ఆ పిసరంత ఆలస్యాన్నీ, రెండు చెవుల్లో వినబడే శబ్ద తీవ్రతలోని తేడానూ, చెవిడొప్ప మడతలు చేసే మార్పునూ కలిపి మెదడు దిక్కు పట్టేస్తుంది. ఐఈఎం చెవిడొప్పను దాటి నేరుగా లోపలికి పోతుంది కనుక అందులో శబ్దం తలలోపలే మోగుతున్నట్టు కొందరికి అనిపిస్తుంది. పెద్ద హెడ్‌ఫోన్లలో కాస్త విశాలంగా ఉంటుంది. అయితే వాలరెంట్ లాంటి ఆటల్లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఒక సెట్టింగు ఉంది. చెవిడొప్ప చేసే పనిని ఆటే లెక్కగట్టి రెండు చెవులకూ పంపిస్తుంది. అదొక్కటి ఆన్ చేసి, కుడి ఎడమలు తారుమారు కాకుండా పెట్టుకుంటే, పదిహేను వందల ఐఈఎం అయినా పదిహేను వేల హెడ్‌ఫోన్లయినా శత్రువు ఏ మూల ఉన్నాడో చెబుతాయి.

ఇంత తేలిగ్గా తెలిసిపోతే మన గొప్పేముంది? అందుకని ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్ చేయండి. హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో 7.1 సరౌండ్ ఆన్ చేయండి. విండోస్‌లో స్పేషియల్ సౌండ్ కూడా ఆన్ చేయండి. ముగ్గురు తోడికోడళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు పప్పులో ఉప్పేసినట్టు, మూడూ కలిసి దిక్కులను కలిపేస్తాయి. ఆట మ్యాపులో ‘బి’ అనే చోట నడిచేవాడు మీ వెనక బీరువాలోంచి వస్తున్నట్టు వినబడుతుంది. మీరు వెనక్కి తిరుగుతారు, వాడు ముందు నుంచి కాలుస్తాడు. ఇంతకీ 7.1 అని రాసి ఉన్న హెడ్‌సెట్లలో ఎక్కువవాటిని విప్పి చూస్తే చెవికొక్క స్పీకరే ఉంటుంది. అందుకే విప్పకండి, వారంటీ పోతుంది.

కప్పుల వెనక జాలీ ఉండే ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్లని ఒక రకం ఉంది. గాలి ఆడుతుంది, ధ్వని విశాలంగా ఉంటుంది, బయటి చప్పుడు లోపలికీ లోపలిది బయటికీ ధారాళంగా పోతుంది. ఒంటరి గదిలో, చలికాలం రాత్రి, ఇంతకంటే సుఖమైనది లేదు. మీరు మాత్రం నాయిన, నానమ్మ, ఇద్దరు చెల్లెళ్లు పడుకున్న హాల్లోనే వాడండి. తుపాకుల మోత అందరిదీ కావాలి.

అయినా సరే, మొండిగా ఐఈఎంలే కొంటానంటే దానికీ దారి చెబుతాను. డబ్బాలో చిన్న, నడిమి, పెద్ద మూడు సైజుల రబ్బరు టిప్పులు వస్తాయి. ఒక్కో జతా పెట్టి చూసి, బయటి చప్పుడు ఎక్కువ తగ్గి, బేస్ నిండుగా వినబడేది ఎంచుకోవాలంటారు. కుడి చెవికి ఒక సైజు, ఎడమకు ఇంకో సైజు కావాల్సి రావచ్చట కూడా. ఇదంతా ఎందుకు? పెద్దవి మీరు పెట్టుకోండి, చిన్నవి తమ్ముడికివ్వండి. చెవి నొస్తే అలవాటవుతుందిలే అని తోయండి. బేస్ రావడం లేదంటే కంపెనీని తిట్టండి. టిప్పులను ఎప్పుడూ తుడవకండి. జాలీకి గులిమి పట్టి ఒక పక్క శబ్దం తగ్గితే కొత్తవి కొనడానికి సాకు దొరికినట్టే. గంటకింతని ఆడించే గేమింగ్ సెంటర్‌కు పోతే మాత్రం సొంతవి తీసుకుపోకండి. పొద్దున్నించి పదిమంది చెమట తాగిన అక్కడి హెడ్‌సెట్‌నే పెట్టుకోండి. చెవి దురద ఉచితం.

కళ్లద్దాలున్నవాళ్లకు ఐఈఎం అడ్డు రాదు. కాబట్టి వాళ్లు తలను బాగా నొక్కే పెద్ద హెడ్‌ఫోన్లే కొనాలి. అద్దాల కాడ కణతకు గుచ్చుకోవాలి. కుషన్‌కు, చెంపకు మధ్య సందు పడి బేస్ కారిపోవాలి.

మైకు దగ్గరికొద్దాం. ఐఈఎంలలో చాలావాటికి మైకు ఉండదు. ఉన్నవాటికి వైరు మీద వేలాడుతుంది. దాని పిన్ను ఒకటి, డెస్క్‌టాప్ వెనక రంధ్రాలు రెండు, ఒకటి పచ్చది, ఒకటి గులాబీది. మధ్యలో వంద రెండొందల స్ప్లిటర్ వైరు కావాలి. కొనకండి. రోజుకొక రంధ్రంలో గుచ్చి చూడండి. చెవులు పూర్తిగా మూసుకుంటే మన గొంతు మనకే బొంగురుగా, లోపలెక్కడో వినబడుతుంది, కనుక ఎంత అరుస్తున్నామో తెలియదు. సైడ్‌టోన్ అనే సెట్టింగు పెడితే మన మాట మనకే కొంచెం వినిపించి గొంతు తగ్గుతుందట. పెట్టకండి. “బీ కి రారా! బీ కి రా!” అన్న మీ కేక వినాయక్‌నగర్ గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోవాలి. అదే సమయంలో వంటింట్లోంచి అమ్మ “ఎన్నిసార్ల పిల్వాలెరా నిన్ను? అన్నం సల్లగైతుంది” అనడం మాత్రం వినబడకూడదు. ఈ విషయంలో కూడా ఐఈఎం, పెద్ద హెడ్‌ఫోన్ రెండూ సమానమే. చీపురుకట్ట వచ్చి వీపు మీద పడేదాకా రెంటిలోనూ ఏమీ తెలియదు.

చెవిలో సన్నగా గుయ్‌మంటోందా? ఐఈఎంలు చిన్న కరెంటు చప్పుడును కూడా పట్టేస్తాయి. క్యాబినెట్ ముందు జాక్‌లో పెడితే ఇంకా ఎక్కువ. ఇంటికి ఎర్తింగ్ లేకపోతే మరీ ఎక్కువ. బోధన్, వర్ని చుట్టుపక్కల పాత ఇళ్లలో సాకెట్ మూడో రంధ్రం వెనక వైరే లేనివి ఎన్నో. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చేయించడమో, వెయ్యి లోపు దొరికే యూఎస్‌బీ డాక్ అనే చిన్న సౌండ్ అడాప్టర్ పెట్టడమో పిరికివాళ్ల పని. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమనడాన్ని ‘హాప్టిక్ ఫీడ్‌బ్యాక్’ అని స్నేహితులకు చెప్పుకోండి.

బ్లూటూత్‌వే తీసుకోండి. తూటా తగిలాక పదోవంతు నుంచి ఐదోవంతు సెకను తర్వాత దాని చప్పుడు వినబడుతుంది. చావు కబురు కొంచెం ఆగి వస్తే మంచిదే కదా.

ఎడపల్లి నుంచి పాలిటెక్నిక్‌కు వచ్చే పోరడొకడు నా సలహా ఒక్కటీ వినలేదు. పదిహేను వందల్లో వైరున్న ఐఈఎంలు తీసుకున్నాడు. టేబుల్ మీద విడిగా ఒక చిన్న మైకు పెట్టుకున్నాడు. అన్న వాడి వదిలేసిన పెద్ద హెడ్‌ఫోన్లకు గుడ్డ కుషన్లు వేయించాడు. “కూలర్ నడిచినన్ని దినాలు ఇవ్వి, సలికాలం అవ్వి. గంతే అన్నా. సౌండ్ సగం కంటె ఎక్వ పెట్ట. గంటకోసారి తీసి బయట తిరిగొస్త” అన్నాడు. వాడికి లైట్లు లేవు, 7.1 లేదు, గొప్ప చెప్పుకోవడానికి డబ్బా కూడా లేదు. ర్యాంకు ఒక్కటే పెరుగుతోంది. ఇలాంటివాళ్లను దుకాణాలవాళ్లు లోపలికి రానివ్వకూడదు.

మిగతావాళ్లు, అంటే నా మాట విన్నవాళ్లు, చెవిలో రాత్రిళ్లు ‘కీ’మని మోత మొదలైతే ఖలీల్‌వాడికి పోండి. నిజామాబాద్‌లో డాక్టర్లంతా అక్కడే. టోకెన్ తీసుకున్నాక పక్కన కూర్చున్నవాళ్లకు మీ పేరు చెప్పి ఉంచండి. కాంపౌండర్ పిలిస్తే మీకు వినబడదు.