పోతాం లేప్పా!

అనంతపురం పాతూరు సందుల్లోనో, కోర్టు రోడ్డు వెనకో, కమలానగర్‌లోనో ఒక రకం మనిషి తప్పకుండా ఉంటాడు. ఆయనుండే ఇల్లు ఆయనది కాదు. కానీ పోస్టుమ్యాన్ మొదలుకొని పాలాయన దాకా ఆ ఇంటికి ఆయన పేరే చెబుతారు. అసలు ఓనరు ఎప్పుడో బెంగళూరులో కొడుకు దగ్గరికి చేరిపోయి, కొంతకాలానికి ఇల్లు బేరం పెట్టి అమ్మేస్తాడు. కొన్నాయన రిజిస్ట్రేషన్ కాగితాలు చంకలో పెట్టుకొని, భార్యను వెంటబెట్టుకొని ఇల్లు చూసుకుందామని వస్తాడు. లోపలినుంచి మన బాడుగాయన లుంగీ సర్దుకుంటూ ఎదురొచ్చి నిండుగా నవ్వుతాడు. "రాండి సా, రాండక్కా, కూర్చోండి. మీ ఇల్లే అనుకోండి."

కొన్నాయనకు అప్పుడే అనుమానం రావాల్సింది. కాఫీ బాగుండటంతో రాదు.

ఈ కొన్నాయన సాధారణంగా ఏ పల్లెలోనో పాఠాలు చెప్పి రిటైరైన అయ్యవారై ఉంటాడు. లేదంటే శెనక్కాయ పంట వరసగా ఎండిపోయి, ఇక పొలాన్ని నమ్ముకుంటే పిల్లల చదువులు సాగవని టౌనుకు వచ్చిన రైతు. జీవితంలో ఒక్కసారి ఇల్లు కొంటాడు కాబట్టి అనుభవం ఉండదు. ఆ లోటు బ్రోకరు తీరుస్తాడు. "బాడుగోళ్లు ఉండారు కాబట్టి ఈ రేటుకు వస్తాంది సా. ఖాళీ ఇల్లయితే మీ చేతికి చిక్కేదా? రెండు నెల్లు ఓర్చుకోండి. మాట మీద నిలబడే మనుషులు వాళ్లు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బాడుగాయన నిజంగానే మాట మీద నిలబడే మనిషి. ఆ మాట "పోతాం లేప్పా". పాత ఓనరుకు కూడా ఇరవై ఏండ్లు అదే చెప్పాడు.

పనితనమంతా ఇక్కడే ఉంది. ఈ విద్యలో కొత్తవాళ్లు "పోము, ఏం చేసుకుంటావో చేసుకో" అంటారు. నాలుగు రోజుల్లో వీధి పంచాయితీ, పెద్దమనుషులు, పోలీసు స్టేషను, చివరికి ఎవరో ఒకరు సామాను బయట పెట్టేయడం. మన బాడుగాయన ఇంతవరకూ ఎవరికీ "పోను" అని చెప్పిన పాపాన పోలేదు. ఎప్పుడడిగినా ఒప్పుకుంటాడు. అడగకముందే ఒప్పుకుంటాడు. ఇల్లు వెతకడానికి కొన్నాయన బండి మీదే బయల్దేరతాడు. పెట్రోలు కూడా కొన్నాయనదే. సాయినగర్‌లో చూసిన ఇంటికి ఆగ్నేయం పెరిగిందంటాడు. ఇంకొకటి రెండో అంతస్తు, వాళ్లమ్మ మోకాళ్లు ఒప్పవు. మూడోది అన్ని విధాలా బాగుంటుంది, అందుకే బాడుగ ఎక్కువ. "మూడొంతులు ఎక్కువ సా! ఈ కాలంలో ఇండ్లోళ్లకు మనసుల్లేవు" అని కొన్నాయన భుజం మీద చెయ్యేసి వాపోతాడు. కొన్నాయన కూడా తలూపుతాడు. తనూ ఇంటి ఓనరేనని ఆయనకు ఆ పూటకు గుర్తుండదు.

తర్వాత పంచాంగం బయటికొస్తుంది. వైశాఖంలో అడిగితే పిల్లల అడ్మిషన్లు తేలాలి. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు, ఇది అడగాల్సిన పని కూడా కాదు. శ్రావణంలో ఆడవాళ్లు వరలక్ష్మి కలశం పెట్టిన ఇల్లు వెంటనే వదలరాదు. భాద్రపదంలో పెద్దల పక్షం. దసరా. కార్తీకంలో కూతురు కాన్పుకొస్తుంది. ధనుర్మాసం, పుష్యం కలిసి సంక్రాంతిని దాటిస్తాయి. మాఘం మంచిదే, కానీ ఆ ఏడు మూఢం ఉంటుంది. ఫాల్గుణానికి పిల్లోడి ఇంటర్ పరీక్షలు. ఇవన్నీ దాటుకొని ఉగాది తర్వాత ఒక మంచిరోజు దొరికితే, "ఈ ఎండల్లో ముసలామెను పెట్టుకొని యాడికి పోయేది సా" అంటాడు. అనంతపురం ఎండ చూసినవాళ్లెవరూ ఆ మాట కొట్టిపారేయలేరు. పీర్ల పండుగ ఏటా కొన్ని రోజులు ముందుకు జరుగుతూ ఏ కాలంలో వచ్చినా సరే, గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కు ఉందంటాడు. ఆ పది రోజులు మంచిపని చేయరాదు. భక్తిలో ఆయనకు మతభేదం లేదు.

ఇంత చేసి ఆ పాత ఇంట్లో ఆయన్ను కట్టిపడేసేది ఏమిటి? తాడిపత్రి బండల మీద అరిగిన గచ్చా, వాన పడితే ఉరిసే మిద్దెనా? వాన పడదు కాబట్టి ఆ బాధ ఎలాగూ లేదు. నైరుతి రుతుపవనం పడమటి కనుమల దగ్గరే దించుకుంటుంది. ఈశాన్యం కోస్తా దాటి ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు పడితే అదే మహాభాగ్యమైన జిల్లా. ఇలాంటి ఊళ్లో ఇంటి విలువ గోడల్లో ఉండదు, బోరులో ఉంటుంది. పాత ఓనరు మంచి రోజుల్లో మూడు వందల అడుగుల లోపే నీళ్లు చూశాడు. ఎదురింటాయన ఎనిమిది వందలు దించితే దుమ్మొచ్చింది. ఇక పీఏబీఆర్ జలాశయం నుంచి వచ్చే కొళాయి నీళ్లు దినం మార్చి దినమో, ఇంకా ఆలస్యంగానో వస్తాయి. అవి ఏ వేళకు వస్తాయో, వాల్వు తిప్పే ఆయన ఏ వీధికి ముందు తిప్పుతాడో, సంపు ఎన్ని నిమిషాలకు నిండుతుందో మన బాడుగాయనకు తప్ప ఎవరికీ తెలియదు. తెల్లారుజామున నాలుగింటికి ఆయన లేచి మోటారు వేస్తేనే వీధిలో మిగతావాళ్లకు మెలకువ వస్తుంది. ఈ ఒక్క సంగతిలో నేను ఆయన పక్షమే. నీళ్లున్న ఇల్లు వదిలి నీళ్లు లేని ఇంటికి నవ్వుతూ పోయే మనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఆ మాటకొస్తే కొన్నాయన కూడా ఇల్లు చూసి కొనలేదు, బోరు చూసే కొన్నాడు.

ఆయన సామాను సంగతి చెప్పనే లేదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దించినట్టు అది ఎక్కడికక్కడ నేలలోకి దిగిపోయి ఉంటుంది. పెరట్లో కరివేపాకు, వరండాలో సిమెంటు వేసి బిగించిన రుబ్బురోలు, మిద్దె మీద ఆయన సొంత ఖర్చుతో వేయించిన రేకులు. "ఇవన్నీ మీకే సా, నేనేం ఎత్తుకపోను" అంటాడు ఉదారంగా.

ఏడాదిన్నరకు కొన్నాయన వకీలు దగ్గరికి పోతాడు. వకీలు కళ్లజోడు తుడుచుకుంటూ చెబుతాడు. ఇల్లు అమ్మినంత మాత్రాన బాడుగ తెగిపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పాత ఓనరు హక్కులన్నీ కొన్నవాడికి వస్తాయి, బాడుగదారు కోరితే పాత ఓనరు బాధ్యతలు కూడా. ఇక మద్రాసు వాళ్ల 1949 చట్టమూ హైదరాబాదు వాళ్ల 1954 చట్టమూ పోయి, రెండింటి స్థానంలో 1960లో బాడుగల నియంత్రణ చట్టం వచ్చింది, 2017లో దాని స్థానంలోకీ కొత్త చట్టం వచ్చింది. ఏ చట్టమైనా ఖాళీ చేయించాలంటే కారణం చూపించాలి. బుద్ధిపూర్వకంగా బాడుగ ఎగ్గొట్టాడా? ఒకటో తేదీ దాటదు. ఇంకొకరికి బాడుగకు ఇచ్చాడా? చిన్నాన్న కొడుకొస్తేనే రెండో రోజుకు బస్సెక్కిస్తాడు. ఇల్లు పాడు చేశాడా? సున్నం కూడా ఆయనే కొట్టిస్తాడు. ఇరుగుపొరుగును వేధించాడా? ఇరుగుపొరుగు సాక్ష్యానికొస్తే ఆయన తరఫునే వస్తారు, వస్తూ ఉగ్గాని, బజ్జీ కూడా తెస్తారు. మిగిలింది ఒక్కటే, ఇల్లు మా సొంతానికి కావాలని అడగడం. అది రుజువు చేయాలి, వాయిదాలు తిరగాలి.

"నోటీసు ఇచ్చినాక బాడుగ మాత్రం తీసుకోవద్దు, తీసుకుంటే నోటీసు మీరే వదులుకున్నారంటారు" అని వకీలు హెచ్చరిస్తాడు. మరుసటి ఒకటో తేదీ పొద్దున ఆరింటికి కొన్నాయన ఫోన్ మోగుతుంది. ఫోన్‌పేలో బాడుగ పడింది. తిప్పి పంపితే మనియార్డరు వస్తుంది. అది కాదంటే, బ్యాంకు ఖాతా నంబరు చెప్పండని మర్యాదగా రిజిస్టర్డ్ ఉత్తరం వస్తుంది. ఓనరు బాడుగ వద్దంటే ఎలా కట్టాలో కూడా చట్టమే చెప్పింది, మన బాడుగాయన దాన్ని కొన్నాయన వకీలు కంటే ముందే చదివాడు. ధర్మవరం పట్టుచీర డబ్బాలో ఆయన రసీదులు సంవత్సరాలవారీగా ఉంటాయి. కోర్టులో ఆ డబ్బా తెరిస్తే కొన్నాయన వకీలు కూడా ఒక్క నిమిషం ఆశగా చూస్తాడు, ఇలాంటి క్లయింటు నాకు దొరక్కపోయెనే అని.

ఈ రకం కొనుగోలు మన సీమకు కొత్త కాదులెండి. 1800లో నిజాం సైన్యం ఖర్చుల కింద ఈ ప్రాంతమంతా ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చినప్పుడు లోపల పాలెగాళ్లు కాపురముంటున్నారు. కలెక్టరుగా వచ్చి అనంతపురంలో మకాం పెట్టిన థామస్ మన్రో లెక్క తీస్తే ఎనభై మంది తేలారు. ఒక్కరూ ఖాళీ చేసే రకం కాదు. వాళ్లతో 1807 దాకా వేగాడు మన్రో. ఆయన వెనక పటాలాలున్నాయి. కొన్నాయన వెనక భార్య మాత్రమే ఉంది, ఆమె కూడా పోయిన వారం నుంచి బాడుగామె దగ్గర ఓళిగల పాకం నేర్చుకుంటోంది.

ఇంతలో ఒక కబురు తెలుస్తుంది. బాడుగాయనకు రుద్రంపేట అవతల సొంతిల్లు ఉంది! లోను తీసుకొని, దగ్గరుండి కట్టించుకున్నదే. వకీలు కుర్చీలోంచి లేస్తాడు. సొంతిల్లు ఉన్న బాడుగదారుకు ఇక్కడ పనేముందని కోర్టులో అడగవచ్చు. కొన్నాయన ఆ సంతోషం ఆపుకోలేక వాయిదా రోజు పొద్దున్నే గేటు దగ్గర పట్టుకుంటాడు.

"ఏమప్పా, సొంతిల్లు పెట్టుకొనా ఇన్నాళ్లు నన్ను తిప్పింది?"

బాడుగాయన తడబడడు. చెప్పులేసుకుంటూ నిట్టూరుస్తాడు. "ఉంది సా. లేదని నేనెప్పుడన్నా చెప్పినానా? దాంట్లోకి పోదామనే గదా నేనూ చూస్తాండేది. ఆడ బాడుగోళ్లుండారు. నాలుగేండ్లాయె, అడిగితే పోతాం పోతాం అంటారు, పోరు. ఏం మనుషులో! నేనూ కేసేసినా."

"వాయిదా ఎప్పుడు?" ఎందుకడిగాడో కొన్నాయనకే తెలియదు.

"ఈ పొద్దే సా. యట్లా పోతాండారు గదా, నన్నూ ఎక్కించుకోండి." ఎక్కి, చీర డబ్బా ఒళ్లో పెట్టుకొని సర్దుకుంటాడు. "మెల్లగా పోనీండి. పదకొండు దాటందే మన కేసులు పిలవరు."