చిటుకు కేకకు టీక

మూలం:

గింజ వేపి చిటుకు కేక విన్నంతనే
దించి చల్లబరచి తీరు రాసి
సొంత సొమ్ము పెట్టి సొగసుగా నచ్చేసి
అడుగు బంధువులకు నప్పగించు

అవతారిక: మైలవరంలో కాఫీ పండదు. పండేది మామిడి. కొండపల్లి దాటి తిరువూరు వైపు పోతుంటే కొండలు కనిపిస్తాయి గాని, అవి కాఫీకి చాలినంత ఎత్తువి కావు. ఆ చెట్టుకు అరకులో ఉన్నంత ఎత్తు, చల్లదనం, పైన నీడ కావాలి. మరి ఈ ఊళ్లో ఉండే మెట్ట కృష్ణావాడికి కాఫీ వేపడం మీద పుస్తకం రాయడం ఎందుకయ్యా అని శంక. వేపడానికి తోట అక్కర్లేదు, పొయ్యి ఉంటే చాలునని సమాధానం. కర్త పేరు అట్ట మీద పెద్దక్షరాల్లో ఉంది గనుక ఇక్కడ ఎత్తలేదు. పై ఆటవెలది అట్ట వెనక ఉంది.

ప్రతిపదార్థం: గింజ = పచ్చి కాఫీ గింజను; వేపి = మూకుట్లో వేయించి; చిటుకు కేక = చిటుక్కుమనే పెద్ద చప్పుడును; విన్నంతనే = వినీ వినగానే; దించి = పొయ్యి మీంచి దింపి; తక్కినది స్పష్టం. స్పష్టమైనా చెబుతాం, అది మా వృత్తి.

గింజ: ఏకవచనం జాత్యర్థకం. ఒక్క గింజను వేపినవాడు లోకంలో లేడు. ఇక్కడ అరకు అరబికా అని గ్రహించాలి. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పచ్చి గింజలో నూటికి పది పన్నెండు పాళ్లు తేమ. మూకుట్లో పడి తిప్పుడు తింటుంటే ముందు పచ్చగడ్డి వాసన, రంగు పసుపుకు తిరిగాక కాల్చిన రొట్టె వాసన.

చిటుకు కేక: చిటుకేమిటి, కేకేమిటి, ఇది అతిశయోక్తి అని పూర్వపక్షం. కాదు. లోపలి తేమ ఆవిరై, వాయువులతో కలిసి ఒత్తిడి పెరిగి పెరిగి, సుమారు 200 డిగ్రీల దగ్గర గింజ చిట్లుతుంది. పక్క పొయ్యి మీద కుక్కరు, ముందు గదిలో సీరియలు, పైన పొగ గొట్టం ఫ్యాను. ఇన్నిటి మధ్య ఆ చిటుకు కోసం చెవి ఒగ్గి నిలబడ్డవాడికి అది కేకే. కనుక స్వభావోక్తి.

విన్నంతనే: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. కేక పూర్తిగా ముగియనివ్వకుండా దించమని ఎందుకన్నాడు? ఇంకొంచెం ఆగితే, 225 డిగ్రీల ప్రాంతంలో రెండో చిటుకు వస్తుంది, గింజ నల్లబడి నూనె పైకి తేలుతుంది, తోట పోయి పొయ్యి మిగులుతుంది. అదిగాక ఇనప మూకుడు మంట తీసేసినా ఊరుకోదు. దించిన తర్వాత కూడా గింజ లోలోపల వేగుతూనే ఉంటుంది. అందుచేత కావలసిన రంగు వచ్చాక దించేవాడికి మాడు, రాకముందే దించేవాడికి కాఫీ. కిలో గింజ పోస్తే సుమారు 850 గ్రాములే మిగలడం కూడా ఈ వేపుడులోనే జరుగుతుంది. తక్కినది ఆవిరి, పొగ, పొట్టు.

చల్లబరచి: చేటలో పోసి, ఫ్యాను కింద చెరిగి, నాలుగైదు నిమిషాల్లో. పొట్టు ఇల్లంతా ఎగురుతుంది. దాన్ని ఊడ్చేదెవరన్న విషయంలో కర్త మౌనం వహించాడు. వ్యాఖ్యాత కూడా.

తీరు రాసి: ఈ శాస్త్రంలో పూర్వాచార్యుడు అమెరికా దేశస్థుడు స్కాట్ రావో. మన రావుగారే అనుకునేరు, కాదు. 2014లో ‘ది కాఫీ రోస్టర్స్ కంపానియన్’ అనే గ్రంథాన్ని ఆయనా సొంతంగానే వేసుకున్నాడు. వేపుడు సాగే కొద్దీ గింజ వేడెక్కే వేగం క్రమంగా తగ్గుతూ రావాలని, మధ్యలో కుప్పకూలకూడదు, ఎగిసిపడకూడదని ఆయన మతం. అదంతా డ్రమ్ములో ధర్మామీటరు గుచ్చి, కంప్యూటరులో గీత చూసుకునేవాళ్లకు. మూకుట్లో ధర్మామీటరు ఎక్కడ నిలబెడతారు? మైలవరం గ్రంథంలో ఆ అధ్యాయం స్థానే ముక్కు ఒకటి, చెవి ఒకటి అని రెండు ప్రకరణాలున్నాయి. మా అభిప్రాయంలో పుస్తకం విలువంతా ఆ రెంటిలోనే ఉంది.

సొంత సొమ్ము పెట్టి: బాలభారతీ నాటక సమాజాన్ని నడిపిన మైలవరం రాజావారి కాలమైతే కృతిభర్త దొరికేవాడేమో. శృంగార నైషధానికి సర్వంకష వ్యాఖ్య రాసిన వేదం వేంకటరాయశాస్త్రిగారు మద్రాసులో జ్యోతిష్మతీ ముద్రాక్షరశాల పెట్టుకొని తమ పుస్తకాలు తామే వేసుకున్నారు. వ్యాఖ్యాతకే ప్రెస్సు ఉన్న రోజులవి. మన కర్త విజయవాడ బస్సెక్కాడు.

సొగసుగా నచ్చేసి: సొగసుగా అచ్చేసి అని పదచ్ఛేదం. డెమీ సైజు, 128 పేజీలు, అనగా పదహారు పేజీల ఫారాలు ఎనిమిది. ఎన్ని ప్రతులు? పద్యంలో సంఖ్య లేదు, లోపలి పేజీలో ఉంది: 500. కర్త వంద చాలుననే వెళ్లాడు. కాని ఆఫ్‌సెట్‌లో వందకైనా వెయ్యికైనా ప్లేట్ల ఖర్చు ఒక్కటే, ఎక్కువ వేసేకొద్దీ ఒక్కో ప్రతి చవక. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఎంతటివాడైనా మెత్తబడతాడు. మొదటి పాదంలో అంతనే అని అంత ఖచ్చితంగా ఆగినవాడికి మూడో పాదంలో ఆ మాట ఎందుకు తోచలేదో చింత్యం. అచ్చు యంత్రానికి చిటుకు లేదు గనుక అని మా ఊహ.

ఇక ముందుమాటలు అయిదు. కాఫీపొడిలో చికోరీ 49 శాతానికి మించరాదని నిబంధన ఉంది. ముందుమాటలకు అలాంటిది లేదు. అయిదుగురిలో ఇద్దరు టీ తాగేవారు.

అడుగు బంధువులకు: అడిగేవారు, అడగనివారు అని బంధువులు రెండు తెగలు. అడగనివారిలో మొదటిది ప్రభుత్వం. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మరి మూడు గ్రంథాలయాలకు తలా ఒక ప్రతి తన ఖర్చుతో పంపాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, దాని మీద పుస్తకం వెల. ఆ పుస్తకం పూర్తి వెలకు పోయే సందర్భం ఇదొక్కటే. అదీ కర్తే కట్టాలి. 13 అంకెల ఐఎస్‌బీఎన్ మాత్రం రాజా రామమోహన్ రాయ్ పేరిట ఉన్న సంస్థ ఉచితంగానే ఇస్తుంది. ఈ వ్యవహారం మొత్తంలో కర్తకు ఊరికే వచ్చింది అదే.

అడిగేవారు వేరే. "బాబాయ్, నీ పుస్తకం ఒకటి ఇలా పడెయ్" అంటారు. పుచ్చుకొని, మొదటి పేజీలో సంతకం పెట్టించుకొని, "ఇంతకీ ఏ పొడి కొనమంటావ్?" అని అడుగుతారు.

పాఠాంతరం: నాలుగో పాదం కొన్ని చోట్ల "అడుగు బంధువులకు నమ్మగలడె" అని వినిపిస్తోంది. గణాలు, యతి సరిపోయాయి. అర్థం మరీ నిష్ఠురంగా ఉందని మేం స్వీకరించలేదు. ఈ పాఠం జగ్గయ్యపేట ప్రతిలో పెన్నుతో దిద్ది ఉంది. నందిగామ ప్రతితో పోల్చి చూద్దామనుకున్నాం గాని, దాన్ని ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్లారు.