బాబాయి లామినేషన్ చీటీ

ట్రెజరీలో చేసి రిటైరైన పెద్దమనిషి మీ చుట్టాల్లోనూ ఒకరు ఉండే ఉంటారు. మాకు బాబాయి. బిల్లు బల్ల మీదికొస్తే ముందు తప్పు వెతికేవాడు. దొరక్కపోతే మళ్లీ వెతికేవాడు. సొంత అన్న మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లునే, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద డాక్టరు ముద్ర సగమే పడిందని తిప్పి పంపాడు. ఆ రాత్రి మా ఇంట్లోనే భోంచేసి పప్పు బ్రహ్మాండంగా ఉందన్నాడు. అమ్మ ఆ పప్పు సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

అంతటి మనిషికి రూలంటే గిట్టని చోటు ఒక్కటే: మందుల షాపు.

నిద్ర పట్టట్లేదంటే ఎప్పుడో ఒక డాక్టరు పది రోజులకని ఆల్ప్రజోలం రాశాడు. కాగితం నలిగిపోతోందని బాబాయి దానికి లామినేషన్ చేయించాడు. కౌంటర్ మీద దాన్ని టక్కున కొట్టి "ఒక షీటు" అంటాడు, బస్‌పాస్ చూపించినంత ధీమాగా.

కౌంటర్లో ఉన్న ఫార్మసిస్టు కుర్రాడు ఓపికమంతుడు. "ఇది హెచ్-1 మందు సార్" అని అట్ట మీద ఎర్రగీతల గడిలోని హెచ్చరిక చూపించాడు. 2014 మార్చి నుంచి వీటికి వేరే రిజిస్టరు పెట్టాలి. డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారు, అన్నీ ఎక్కించి మూడేళ్లు దాచాలి. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాస్తే తప్ప ఒక చీటీకి ఒక్కసారే మందు. ఇచ్చినప్పుడు చీటీ మీదే షాపు పేరు, తేదీ వేయాలి.

"ఈ ప్లాస్టిక్ మీద ముద్ర ఎట్లా వేయాలి సార్?"

"ముప్పై ఏళ్లు సర్కారు సొమ్ము కాపలా కాసినోణ్ణి. నా మీద నమ్మకం లేదా?" అన్నాడు బాబాయి. ఇదే మాట ఆయన కౌంటర్ ముందు నిలబడి ఎంతమంది టీచర్లు అన్నారో!

"నమ్మకం కాదు సార్. మన దగ్గర కల్లులో కలుపుతున్నది ఇదే మందు. అందుకే ఇంత గట్టి."

"అంటే నేను కల్లు కాంపౌండు నడిపేవాడిలా ఉన్నానా?"

వీధి చివర ఇంకో షాపు ఏమీ అడక్కుండా ఇచ్చేసింది. "మర్యాద తెలిసిన షాపు" అని కితాబిచ్చాడు. పొద్దున్నే తూలుతుంటే పిన్ని చెయ్యి పట్టుకుని బాత్రూమ్ దాకా నడిపించేది. ఈయనే మళ్లీ ఎవరికి జ్వరమొచ్చినా వానలో సైతం వెళ్లి మందులు తెచ్చిపెట్టేవాడు. కోపం పూర్తిగా రానివ్వడు.

చివరికి పిన్నే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఒక్కసారిగా మానకూడదు, మెల్లమెల్లగా తగ్గించాలని చెప్పి ఆయన కొత్త చీటీ రాశాడు. తేదీ, సంతకం, ముద్ర, నిండుగా.

బాబాయి పాత షాపుకే వెళ్లాడు. కుర్రాడు రిజిస్టర్లో ఎక్కించాక "ఇటు తిప్పు" అన్నాడు. కళ్లజోడు సర్దుకుని తన వరుస మీద వేలు పెట్టాడు. "డాక్టరు అడ్రసులో ఊరొక్కటే రాస్తే ఎట్లా? ఇక్కడ పది కొట్టేసి పదిహేను రాశావు, పక్కన పొడి సంతకమేదీ?"

ఇప్పుడు మాత్రలు తగ్గుతున్నాయి. నిద్ర కూడా పడుతోందట. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఎప్పుడొస్తాడో ఏమో గానీ, ఆ కుర్రాడు రిజిస్టరు పక్కాగా రాసేది మాత్రం బాబాయి భయానికే.