నాళోత్పాటన శాస్త్రం

శాస్త్రారంభంలో మంగళాచరణం విధి. ఈ శాస్త్రంలో మంగళాచరణమంటే బోల్టు ఊడదీసి, లోపల తూటా లేదని కళ్లతో చూసి, వేలు పెట్టి మరీ తేల్చుకోవడం. దీన్ని వదిలేసిన పండితుడు రెండో సూత్రం దాకా మిగలకపోవచ్చు.

ఇక అనుబంధ చతుష్టయం. విషయం: పాత రైఫిలు గొట్టాన్ని, బోల్టు ఇమిడే చట్రమైన రిసీవరు నుంచి విప్పడం. ప్రయోజనం: లోపలి గాడులు అరిగిన గొట్టం తీసి కొత్తది బిగించడం. అధికారి: కారును ఎండలో నిలిపి గ్యారేజీని తుపాకీకి ఇచ్చిన అమెరికా గృహస్థు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ బాగుచేయడానికీ లైసెన్సు కావాలి; కాబట్టి లైసెన్సు లేని పాఠకులకు శ్రవణాధికారమే గాని అనుష్ఠానాధికారం లేదు. సంబంధం: మర సంబంధం. 1898 నాటి మౌజర్‌లో అంగుళానికి 12 చుట్లు. ఎడమకు తిప్పితే ఊడాలి.

ఊడదు.

ఎలా ఊడదీయాలన్న దగ్గరే మతభేదాలు. నూనెవాదులు డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా నానబెడతారు. అది 1953లో క్షిపణులకు తుప్పు పట్టకుండా నీటిని తరమడానికి పుట్టిన ద్రవం. దాన్నే సర్వరోగ నివారిణి అనడం అతివ్యాప్తి దోషం. సెగవాదులు మంట పెడతారు. తూటా పేలినప్పుడు బోల్టు మన ముఖం మీదికి రాకుండా ఆపేది రిసీవరే. దాని పదును మంటలో పోతే ఆ మతానికి వాదించే నోరు మిగలదు.

సిద్ధాంతం: పట్టే ప్రధానం. గొట్టాన్ని గట్టి చెక్కదిమ్మల మధ్య వైసులో బిగించాలి. జారకుండా, ఫిడేలు కమానుకు రాసే రోజిన్‌ను పొడి చేసి చల్లాలి. పానా రిసీవరు ముందు భాగాన్ని పట్టాలి. వెనక పట్టి లాగితే మర కదలదు గాని రిసీవరు మెలిపడుతుంది. అంతకుముందే రెండింటి అతుకు మీదుగా సన్నటి గీత గీసుకోవాలి. ఎందుకంటే పానా కాడకు పైపు తొడిగి లాగగానే కిర్రుమంటుంది. గృహస్థు ఉప్పొంగిపోతాడు. చూస్తే గీత గీతలాగే ఉంటుంది; తిరిగింది దిమ్మల మధ్య గొట్టం, కాలింది రోజిన్, నునుపెక్కింది చెక్క. ఇక్కడ శబ్దం ప్రమాణం కాదు, ప్రత్యక్షమే ప్రమాణం.

దీనికి అపవాదం పెన్సిల్వేనియాలోని ఎడ్డీస్టోన్‌లో మొదటి ప్రపంచయుద్ధకాలంలో తయారైన 1917 మోడల్ రైఫిళ్లు. వాటి గొట్టాలు ఎంత బిగువంటే, విప్పబోతే రిసీవరే పగిలిన సందర్భాలున్నాయి. అక్కడ పైపు పొడుగు పెంచడం మూర్ఖత్వం. లేతు మీద, రిసీవరుకు తగిలే గొట్టం భుజం పక్కనే చిన్న గాడి కోస్తే, రిసీవరును ఒత్తుతున్న బిగువు సడలుతుంది. పోయేది ఎలాగూ పారేసే గొట్టమే.

కొత్త గొట్టం బిగించాక, తూటా గది కొలత చూసే ఒక గేజి మీద బోల్టు మూసుకోవాలి, ఇంకో గేజి మీద మూసుకోకూడదు. అది వేరే శాస్త్రం. దాని భాష్యకారుడు ఇంకా గ్యారేజీలోనే ఉన్నాడు, భోజనానికి పిలిచినా పలకడం లేదు.